వ్యస్తాక్షరి – విధ్వస్తాక్షరి: తారుమారు ప్రోగ్రాముల ముందు తెలుగు అక్షరం

తెర మీద ఒక పంక్తి ఆదేశం టైపు చేసి కంప్యూటరు చేత పని చేయించే యూనిక్స్ సంప్రదాయంలో, ప్రయోజనంతో నిమిత్తం లేకుండా కేవలం నవ్వు కోసమే పుట్టిన ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. 1991లో గ్లెన్ చాపెల్, ఇయాన్ చాయ్ రూపొందించిన 'ఫిగ్లెట్' ఇచ్చిన మాటను గీతలతో, చుక్కలతో, విరామ చిహ్నాలతో పెద్ద అక్షరాలుగా పేర్చి చూపుతుంది. 'కౌసే' అదే మాటను ఒక ఆవు బొమ్మ నోట పలికిస్తుంది. 'రెవ్' పంక్తిని చివరి నుండి మొదటికి తిప్పుతుంది. 'రాట్-13' ప్రతి రోమన్ అక్షరాన్నీ పదమూడు స్థానాలు ముందుకు జరుపుతుంది. ఇరవై ఆరులో పదమూడు సరిగ్గా సగం కనుక రెండవసారి జరిపితే మొదటి పాఠం చెక్కుచెదరకుండా తిరిగివస్తుంది. ఈ చివరి గుణం గమనింపదగినది. పాఠాన్ని గల్లంతు చేసే ఆటలో కూడా పాఠాన్ని తిరిగి పొందే దారి ఉండాలన్న మర్యాద అందులో ఉంది. తెలుగు పాఠాన్ని రాట్-13కు అప్పగిస్తే ఏమీ జరగదు. అది రోమన్ అక్షరాలను మాత్రమే ఎరుగును కనుక తెలుగును ముట్టకుండా వదిలివేస్తుంది. ఇటువంటి ప్రోగ్రాముల చేతిలో తెలుగుకు దక్కిన అతి పెద్ద గౌరవం బహుశా ఇదే.

పదంలోని మొదటి, చివరి అక్షరాలను కదపకుండా నడిమి అక్షరాలను కలిపివేసే ప్రోగ్రాములు ఈ కుటుంబంలోనివే. వీటికి ప్రేరణ 2003లో ప్రపంచమంతా తిరిగిన ఒక లేఖ. నడిమి అక్షరాల క్రమం ఎట్లా ఉన్నా చదువరికి ఇబ్బంది ఉండదని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నిరూపించినట్లు ఆ లేఖ చెప్పింది. అటువంటి పరిశోధన కేంబ్రిడ్జిలో జరగలేదు. దానికి దగ్గరి మూలం గ్రాహం రాలిన్సన్ 1976లో నాటింగ్‌హాం విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం. అయినా ఆ లేఖ తెలుగు నాట ఉపన్యాసాలలోకి కూడా వచ్చి చేరింది. అది ఆంగ్ల లిపికి వర్తించే వినోదమా, లిపులన్నింటికీ వర్తించే సత్యమా అని అడిగినవారు తక్కువ.

ఈ రకపు ఆటల పట్ల తెలుగు అధ్యయన రంగంలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఇది సాంకేతిక విద్యార్థుల కాలక్షేపం, సాహిత్య శాఖకు దీనితో పని లేదన్నది మొదటిది. తెలుగు పాఠం యంత్రంలో చెదిరినప్పుడల్లా మన లిపే క్లిష్టమైనది, సంస్కరించుకోవాలనడం రెండవది. రెండూ తప్పే. మొదటి దానిలో ఉదాసీనత ఉంది. రెండవది నేరం జరిగిన ఇంటివారినే దోషులుగా నిలబెడుతుంది.

వర్ణం, అక్షరం, మూడవది

'తెలుగు' అనే మాటను తీసుకొని, పైథాన్ భాషలో ఎవరైనా మొదటి వారంలోనే నేర్చుకునే పద్ధతిలో వరుస తిప్పితే ఏమి వస్తుంది? అక్షరాలు తెలిసిన మూడవ తరగతి విద్యార్థి 'గులుతె' అంటాడు. యంత్రం అలా అనదు. దాని లెక్కలో ఆ మాటలో ఉన్నవి మూడు అక్షరాలు కావు, ఆరు సంకేతబిందువులు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. వాటిని వెనుక నుండి పేర్చితే మొదట ఆధారం లేని ఒక కొమ్ము, తరువాత 'గులెత' వస్తాయి. లకారపు కొమ్ము గకారానికి పోయింది. తకారపు ఎత్వం లకారానికి అంటుకుంది. గకారపు కొమ్ముకు నిలువ నీడ లేక చుక్కల వలయం మీద వేలాడుతూ కనిపిస్తుంది. ఆంగ్లంలో ఏ మాటను తిప్పినా అక్షరాల స్థానం మారుతుందే కాని ఏ అక్షరమూ తన రూపం కోల్పోదు. తెలుగులో స్థానంతో పాటు స్వరాలు కూడా యజమానులను మార్చుకుంటాయి.

సంయుక్తాక్షరాల దగ్గర పరిస్థితి ఇంకా విపరీతం. 'అక్షరం' అన్న మాటనే తిప్పితే తల లేని సున్న, ఆ వెనుక 'రష్కఅ' వస్తాయి. క్షకారం ష్కకారమైంది. 'అక్షర'మంటే నశించనిదని సభలలో వ్యుత్పత్తి చెప్పడం మన ఆనవాయితీ. ఒక్క పంక్తి ఆదేశానికి ఆ మాటే నశిస్తున్నది. 'స్త్రీ' అనే ఏకాక్షరం యంత్రానికి ఆరు సంకేతబిందువులు, యూటీఎఫ్-8 పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. ఒకే అక్షరాన్ని ఆరుగా లెక్కించే సాధనంతో పద్యపాదంలోని అక్షరాలను లెక్కిస్తే వచ్చే ఫలితానికి పరిశోధన అని పేరు పెట్టడం సాహసం.

ఇది లిపి లోపమా? వ్యాకరణం ఏమంటుందో చూడాలి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సంజ్ఞాపరిచ్ఛేదంతో, అందులోనూ వర్ణాల లెక్కతో మొదలవుతుంది. సంస్కృతానికి యాభై, ప్రాకృతానికి నలభై, తెలుగుకు ముప్పై ఆరు. సూరి లెక్కించినది వర్ణాలను. లాక్షణికులు గణవిభజనకు లెక్కించినది అక్షరాలను. ఈ రెండు ప్రమాణాలూ తెలుగు విద్యార్థికి పరిచితాలు. ఒకటి ధ్వనికి, మరొకటి ఉచ్చారణ ఘటకానికి చెందినది. యంత్రం ఎంచుకున్న సంకేతబిందువు ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. 'క' అన్నది కకారం, అకారం కలిసిన రెండు వర్ణాల రూపం, కాని యంత్రానికి ఒక్క బిందువు. 'క్' అన్నది ఒకే వర్ణం, కాని యంత్రానికి కకారం, పొల్లు కలిసిన రెండు బిందువులు. సరళమైనదానికి రెండు, సంయుక్తమైనదానికి ఒకటి! వర్ణశాస్త్రం తలక్రిందులైన ఈ లెక్కను తెలుగు వ్యాకర్తలలో ఎవరూ అడగలేదు, ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ లెక్క ఎక్కడి నుండి వచ్చింది? భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఖరారు చేసిన ఇస్కీ పద్ధతి బ్రాహ్మీ కుటుంబ లిపులన్నింటినీ ఒకే చట్రంలో ఇమిడ్చింది. యూనికోడు ఆ పద్ధతి తొలి రూపాన్నే అనుసరించి తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించింది. దేవనాగరిలో ఏ వర్ణం ఏ వరుసలో ఉన్నదో తెలుగులోనూ దాదాపు అదే వరుసలో ఉంటుంది. నిల్వకు, రవాణాకు, లిప్యంతరీకరణకు ఇది చక్కని ఏర్పాటు. దానిని నిందించవలసిన పని లేదు. నిందించవలసినది, నిల్వ కోసం ఏర్పరచిన ఆ ముక్కలనే 'అక్షరాలు' అని పిలిచి, వాటిని లెక్కించి, తిప్పి, కత్తిరించి, ఇదే భాష అని చెప్పే అలవాటును. ధాన్యాన్ని బస్తాలలో నిల్వ చేసినంత మాత్రాన బస్తా ఆహారానికి కొలమానం కాదు.

ఒక ఉదాహరణ చాలు. కుతుబ్‌షాహీల కాలంలో మరింగంటి సింగరాచార్యులు దశరథరాజనందన చరిత్రను నిరోష్ఠ్య కావ్యంగా రచించాడు. పెదవులు తగిలే పవర్గం, వకారంతో పాటు ఉకార ఒకారాలు కూడా అందులో నిషిద్ధం. ఈ నియమం ఎంతవరకు పాటింపబడిందో యంత్రంతో పరీక్షించాలనుకునే పరిశోధకుడు 'ఉ' అనే అచ్చును వెతికితే ఫలితం శూన్యం. అచ్చు రూపానికి ఒక సంకేతం, కొమ్ముకు మరొక సంకేతం ఉంటాయి. ఆ రెండూ ఒకే స్వరమన్న సంగతి సంకేత పట్టికలో ఎక్కడా లేదు. అది గుణింతం దిద్దిన చేతికే తెలుసు.

ఫిబ్రవరి 2018

ఆ నెల నడిమి రోజులలో ప్రపంచ పత్రికలన్నీ తెలుగు అక్షరాన్ని గురించి రాశాయి. సాహిత్యం వల్ల రాలేదు ఆ కీర్తి. 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక క్రమంలో, అంటే జకారం, పొల్లు, ఞకారం, ఆ తరువాత కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం, చివర దీర్ఘం, ఈ వరుసలో పంపితే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో సందేశాల ప్రోగ్రాములు కుప్పకూలాయి. కొందరు ఆ అక్షరాన్ని తమ పేరు పక్కన తగిలించుకొని తమను చూసినవారి ఫోన్లను పడగొట్టి ఆనందించారు. ఫిబ్రవరి 19న 11.2.6 సవరణతో ఆ లోపాన్ని సంస్థ సరిదిద్దింది.

ఆ నాలుగైదు రోజులలో జరిగిన చర్చ తీరు ఇక్కడ ముఖ్యం. లోపం అక్షర రూపాన్ని తెర మీద చిత్రించే ప్రోగ్రాములో ఉంది. తరువాతి విశ్లేషణలు దేవనాగరి, బెంగాలీ లిపులలోనూ అటువంటి వరుసలే ఆ ప్రోగ్రామును పడగొట్టగలవని చూపాయి. అయినా వార్తలలో నిలిచిన పేరు 'తెలుగు అక్షరం'. ఫోనును కూల్చిన అక్షరం, బాంబు వంటి అక్షరం! 'జ్ఞా' మొదలుగా గల మాటలలో అతి సాధారణమైనది 'జ్ఞానం' అన్న విషయం ఆ వార్తలు రాసినవారిలో కొందరికైనా తెలిసి ఉంటే బాగుండేది. వారి అజ్ఞానం క్షమింపదగినదే. మన వైపు నుండి వచ్చిన స్పందన క్షమింపదగినది కాదు. హాస్యంగా కొంత గర్వం, ఆ వెనుకనే ఒత్తులూ గుణింతాలూ తగ్గించుకుంటే ఈ బాధ ఉండదన్న పాత పాట. గోడ కట్టడం రాని తాపీవాడు రాతిని నిందిస్తే ఇంటి యజమాని తల ఊపినట్లయింది. 'వర్ణం, అక్షరం, సంకేతం వేరు వేరు, మీ ప్రోగ్రాము మూడవదానిని మొదటిదిగా భ్రమించింది' అని చెప్పగల శాస్త్రం తెలుగు శాఖల పాఠ్యప్రణాళికలోనే ఉంది. ఆ శాస్త్రం తెలిసినవారు నోరు విప్పలేదు.

ఛత్తా బజార్

పాతనగరంలో మదీనా కూడలికి, పురానీ హవేలీకి నడుమ ఉన్న ఛత్తా బజార్ హైదరాబాదు ముద్రణ వీధి. పెళ్ళి పత్రికలు, రసీదు పుస్తకాలు, గోడ ప్రకటనలు ఉర్దూలో, తెలుగులో, ఆంగ్లంలో, హిందీలో ఒకే దుకాణంలో తయారవుతాయి. అక్షరం యంత్రంలోకి వెళ్ళినప్పుడు ఏమి పొందుతుందో, ఏమి పోగొట్టుకుంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల తెలుగు నేల మీద లేదు. అయినా తెలుగు లిపి గురించిన చర్చలు ఈ వీధి ముఖం చూసినట్లు కనపడదు.

ఉర్దూ నస్తాలీఖ్ లిపి పదం పై కుడి మూల నుండి కింది ఎడమ మూలకు జారుతుంది. పక్కనున్న అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం రూపు మార్చుకుంటుంది. సీసపు అచ్చులకు లొంగక అది చాలా కాలం కాతిబుల కలం మీదనే బ్రతికింది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్ వేలాది అక్షర సంపుటాలను ముందుగానే చేతితో రాయించి యంత్రానికి ఇచ్చింది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఆ లిపిని డీటీపీ దుకాణాలకు చేర్చింది. కాతిబుల సంఖ్య తగ్గిపోయింది. ఇక్కడ గమనించవలసినది ఆ పని జరిగిన క్రమం. నస్తాలీఖ్ సంక్లిష్టమైనదని ఉర్దూవారు లిపిని మార్చుకోలేదు. లిపి తెలిసినవాడు రాసి ఇచ్చినదానికి యంత్రం లొంగింది.

కాతిబుల విద్యలో ఆట లేదనుకోవడం పొరపాటు. పేరులోని అక్షరాలను అల్లి, ఒకదానిలో ఒకటి దూర్చి, పక్షిగానో పులిగానో దీపంగానో తీర్చే తుగ్రా రచన లిపిని తారుమారు చేసే కళే. చూసేవాడు మొదట బొమ్మను చూస్తాడు, తరువాత అక్షరాలను ఏరుకుంటాడు. అబ్జద్ మరొక ఆట. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. మాటలోని సంఖ్యలను కూడితే సంవత్సరం వస్తుంది. చార్మినారు నిర్మాణ కాలాన్ని 'యా హాఫిజ్' అన్న పలుకుతో గుర్తుపెట్టుకోవడం వాడుక. యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం 1000. హిజ్రీ 1000 అంటే క్రీ.శ. 1591–92. ఈ గణనలో పలికే హ్రస్వ స్వరాలకు విలువ లేదు, రాసే అక్షరాలకే ఉంది. ఏది అక్షరం, ఏది కాదన్న నిర్ణయం ఆటకు ముందే జరిగిపోయింది కనుకనే నాలుగు శతాబ్దాల తరువాత కూడా ఆ లెక్క తప్పడం లేదు.

మనకూ కటపయాది ఉంది. జ 8, య 1. కుడి నుండి ఎడమకు చదివితే 'జయ' 18. కేవల స్వరానికి సున్న, పొల్లుకు విలువ లేదు, సంయుక్తాక్షరంలో చివరి హల్లుదే విలువ. మేళకర్తల పేర్లలో ధీరశంకరాభరణం 29, మేచకల్యాణి 65 ఈ లెక్కతోనే వస్తాయి. చక్రవాకం దగ్గర మాత్రం క్రకారంలో చివరి రేఫను వదిలి కకారాన్ని తీసుకుంటేనే 16 వస్తుంది. సంప్రదాయం తన అవసరానికి నియమాన్ని సడలించుకుంది, కాని ఎక్కడ సడలించిందో దానికి తెలుసు. సంకేతబిందువులను లెక్కించే ప్రోగ్రాముకు నియమమూ తెలియదు, సడలింపూ తెలియదు.

ఇక ఛత్తా బజార్‌లో తెలుగు సంగతి. 'అను' వంటి డీటీపీ ఫాంట్లు యూనికోడు వాడుకలోకి రాకముందు తెలుగు ముద్రణను నిలబెట్టాయి. వాటి రూపకర్తలకు తెలుగు ముద్రణ ఋణపడి ఉంది. వాటి పద్ధతి మాత్రం పాత కంపోజిటరు పద్ధతే. తలకట్టు ఒక గూటిలో, కొమ్ము ఒక గూటిలో, ఒత్తు మరొక గూటిలో ఉంటాయి. కేసు లోని గూళ్ళకు బదులు రోమన్ అక్షరాలకు, విరామ చిహ్నాలకు కేటాయించిన 256 స్థానాలలోకి తెలుగు ముక్కలను సర్దారు. కనుక తెర మీద కనిపించేది తెలుగు, లోపల నిల్వ ఉన్నది అర్థం లేని రోమన్ గుంపు. ఫాంటు ఉన్న యంత్రంలో అది పెళ్ళి పత్రిక. ఫాంటు లేని యంత్రంలో అది ఆశ్చర్యార్థకాలూ బ్రాకెట్లూ కరెన్సీ గుర్తులూ కలిసిన కుప్ప. ఏ హాస్య ప్రోగ్రామూ ఇంత సమర్థంగా ఒక భాషను గల్లంతు చేయలేదు. తేడా ఏమిటంటే హాస్య ప్రోగ్రాము తాను చేస్తున్నది హాస్యమని ముందే చెబుతుంది.

ముద్రకునికి దీనితో నష్టం లేదు. పత్రిక అచ్చయి పంచబడిన తరువాత ఫైలుతో ఆయనకు పని ఉండదు. కాగితమే ఆయన సరుకు. ఆయన పద్ధతినే విశ్వవిద్యాలయం తన పద్ధతిగా స్వీకరించడంలోనే అసలు నష్టం ఉంది.

సిద్ధాంత గ్రంథాల గతి

పరిశోధన గ్రంథాల ప్రతులను శోధగంగలో నిక్షేపించాలన్న నియమం విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనల నుండి ఉంది. ఉద్దేశం అవి దేశమంతటా అందుబాటులో ఉండి, వెతికితే దొరకాలన్నది. పాత ఫాంట్లలో టైపు అయిన తెలుగు గ్రంథం అక్కడ చూడటానికి దొరుకుతుంది, వెతకటానికి దొరకదు. దానిలో 'పాల్కురికి' అని వెతికితే పాల్కురికి సోమనాథుడి మీద రాసిన గ్రంథంలోనే ఆ పేరు లేదని యంత్రం చెబుతుంది. ఇది గ్రంథచౌర్య పరీక్ష దగ్గర ప్రహసనంగా మారుతుంది. 2018 నిబంధనల ప్రకారం పది శాతం లోపు పోలిక దండనార్హం కాదు. పోలికను కొలిచే ప్రోగ్రాముకు రోమన్ గుంపు అందితే, అదే విషయం యూనికోడు తెలుగులో ఉన్న మూలంతో దానికి ఏ పోలికా కనపడదు. పుటలకు పుటలు ఎత్తి రాసినవాడికీ, ఐదేళ్ళు శ్రమించి సొంతంగా రాసినవాడికీ ఒకే ధ్రువపత్రం లభిస్తుంది. నిజాయితీపరుడికి ఇంతకంటే అవమానం ఉండదు.

అయినా వ్యాసాలను ఫలానా డీటీపీ ఫాంటులోనే పంపవలెనన్న సూచన తెలుగు పరిశోధన పత్రికల వెనుక పుటలలో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. ముద్రణాలయానికి సౌకర్యం అన్నదే కారణం. యూనికోడు ఫాంట్లు లేక కాదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఎప్పుడో అందించారు. తరువాత సురన్న, తిమ్మన, పెద్దన, ధూర్జటి, గురజాడ, గిడుగు, సురవరం పేర్లతో ఉచిత ఫాంట్లు వచ్చాయి. కవుల పేర్లు ఫాంట్లకు పెట్టుకొని, ఆ కవుల మీద వ్యాసాలను మాత్రం వెతకడానికి వీలులేని లిపిలో అచ్చువేసుకోవడం మన కాలపు అప్రస్తుత ప్రసంగం.

యూనికోడులో టైపు చేస్తే సమస్యలన్నీ తీరిపోతాయని ఎవరైనా అంటే అదీ పూర్తి నిజం కాదు. యూనికోడు తెలుగును పీడీఎఫ్‌గా మార్చి, దాని నుండి ఒక పేరాను తిరిగి తీసుకుంటే ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోవడం పరిశోధకులందరికీ అనుభవమే. అక్కడ మాత్రం పోయినదానిని మూల ఫైలు నుండి తిరిగి పొందవచ్చు.

పృచ్ఛకుని చీటీ

తారుమారు ఆట తెలుగుకు పరాయిదన్న అభిప్రాయాన్ని తోసిపుచ్చడానికి అవధాన వేదిక చాలు. వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఒక వాక్యాన్నో పద్యపాదాన్నో తీసుకొని, దాని అక్షరాలను క్రమం తప్పించి, ఒక్కొక్కటిగా, ఇది ఫలానా స్థానంలోనిదని సంఖ్య చెప్పి అందిస్తాడు. పదకొండవ అక్షరం ఒకసారి, మూడవది మరికాసేపటికి, ఎనిమిదవది ఎప్పుడో సమస్యాపూరణం నడుమ. చివరకు అవధాని వాటిని సరియైన వరుసలో కూర్చి మొత్తం వాక్యాన్ని అప్పగిస్తాడు. అదే వేదిక మీద హాస్యానికి అప్రస్తుత ప్రసంగం ఉండనే ఉంది. గల్లంతు, గల్లంతును దిద్దే ధారణ, నవ్వు, మూడూ ఒకే సభలో.

పృచ్ఛకుడు స్త్రీకారాన్ని ఒక చీటీ మీద రాసి ఇస్తాడు. సకారం ఒక చీటీ, పొల్లు ఒక చీటీ, తకారం ఒక చీటీ అని ఆరు చీటీలు చేసి ఇస్తే సభ ఆయనను లేచి వెళ్ళమంటుంది. ఈ వివేకం ఎవరో ప్రత్యేకంగా నేర్పినది కాదు. గణాలు లెక్కించే చేతివేళ్ళలోనే అది ఉంది. పింగళి సూరన కళాపూర్ణోదయంలో ముందు నుండి తెలుగుగాను, వెనుక నుండి సంస్కృతంగాను చదువుకునే పద్యం సాధ్యమైనదీ అందుకే. అక్కడ తిరిగేది అక్షరం. దాని గుణింతం, ఒత్తు, దానితో పాటే తిరుగుతాయి. బంధకవిత్వం, చ్యుతాక్షరి, న్యస్తాక్షరి, అన్నీ ఈ ఒక్క ఒప్పందం మీద నిలిచిన ఆటలు. వీటిని క్షుద్రమైన చిత్రకవిత్వమని విమర్శకులు కొట్టివేసి చాలా కాలమైంది. రసదృష్టితో ఆ తీర్పు సరైనదే కావచ్చు. అక్షరం అంటే ఏమిటన్న ప్రశ్నకు మాత్రం తెలుగులో ఉన్న అత్యంత కచ్చితమైన ప్రయోగ సాక్ష్యం ఆ క్షుద్ర కవిత్వంలోనే ఉంది.

'పుస్తకాలయం' అనే మాటను నడిమి అక్షరాలు కలిపే ఆటకు ఇచ్చి చూడవచ్చు. పృచ్ఛకుని పద్ధతిలో పు, యం కదలవు. స్త, కా, ల కలిసి 'పులకాస్తయం' అవుతుంది. నవ్వు వస్తుంది, పలకవచ్చు, కాస్త ఆలోచిస్తే మూలం పట్టుకోవచ్చు. సంకేతబిందువుల పద్ధతిలో మొదటి 'అక్షరం' పకారం మాత్రమే, చివరిది సున్న మాత్రమే. నడుమ కొమ్ము, పొల్లు, దీర్ఘం విడివిడిగా గిలకరింపబడతాయి. దీర్ఘం మీద పొల్లు పడవచ్చు, పొల్లు మీద కొమ్ము పడవచ్చు. పలకడానికి వీలులేనిది హాస్యం కాజాలదు. హాస్యానికి కూడా చదువరి కావాలి.

2023లో వెలువడిన యూనికోడు 15.1 సంచిక పాఠ విభజన నియమాలలో ఒక కొత్త నియమాన్ని చేర్చింది. దాని వల్ల తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో పొల్లుతో కలిసే హల్లులు ఒకే ఘటకంగా పరిగణింపబడతాయి. అంటే క్షకారం అప్పటి వరకు 'క్', 'ష' అనే రెండు ముక్కలు, ఆ తరువాత ఒకటి. తెలుగు సంకేతాలు యూనికోడులో చేరిన మూడు దశాబ్దాలకు, నన్నయ నాటికే తెలిసిన విషయం యంత్రానికి తెలిసింది. మెచ్చుకోవలసిందే.

మెచ్చుకొని ఊరుకుంటే చాలదు. 'చార్మినార్' అన్న మాటను పాత పద్ధతిలో తిప్పితే అనాథ అయిన పొల్లు ఒకటి, 'రానిమ్రాచ' అనే శేషం వచ్చేవి. కొత్త నియమం ప్రకారం అందులో నాలుగు ఘటకాలు: చా, ర్మి, నా, ర్. వాటిని తిప్పి పేర్చిన మరుక్షణం చివరి 'ర్' వచ్చి 'నా'తో కలిసి 'ర్నా' అవుతుంది. నాలుగు మూడైపోతాయి. ఛందస్సు తెలిసినవాడు మొదటనే మూడు అంటాడు. పదాంతపు పొల్లు ముందరి అక్షరంతోనే పోతుంది కనుక చా, ర్మి, నార్. కాని వాటిని తిప్పినా 'నార్' పొల్లు 'ర్మి'ని పట్టుకుంటుంది. 2018లో ఫోన్లను పడగొట్టిన అదే అదృశ్య విభాజకాన్ని వాటి నడుమ నిలిపితేనే విడివిడిగా ఉంటాయి. బస్, కార్, సార్, కలెక్టర్ వంటి పొల్లు చివరి మాటలతో నిండిన నేటి తెలుగులో ఇది మూలనున్న మినహాయింపు కాదు. పాతనగరపు వీధి పేర్లలో సగానికి ఈ చిక్కు ఉంటుంది. పదాంత పొల్లు స్వతంత్ర ఘటకమా, పూర్వాక్షరంలో భాగమా? వచనంలో ఒక విధంగా, పద్యంలో మరొక విధంగా లెక్కించాలా? సూచికలు తయారు చేసేటప్పుడు, యతిప్రాసలు వెతికేటప్పుడు, పదాల పొడవు కొలిచేటప్పుడు ఏ లెక్కను పాటించాలి? ఈ ప్రశ్నలకు సమాధానం రాసి పంపవలసిన చిరునామా యూనికోడు సంస్థకు ఉంది. పంపవలసినవారు ఏ శాఖవారో ఆ సంస్థకు తెలియదు. తెలుగు శాఖలకు తెలుసు.